పిట్టలకొక దీవి



బీచుపల్లి మనలో చాలమందికి తెలిసిన చోటే. హైదరాబాదునుండి కర్నూలునకు పోవు రాజమార్గము కృష్ణానదిని దాటు తావున, ఒడ్డుననే ఆంజనేయస్వామి కొలువై యున్నాడు. 2016వ సంవత్సరపు పుష్కరములలో ఆ రేవున మునిగినవారు మీలో ననేకులుందురు. మెట్లమీద నిలిచి చూచినచో ఏటి నడుమ రాతిగుట్టలును, ఇసుకతిన్నెలును, తుంగ మొలచిన చిన్న చిన్న గడ్డలును కానవచ్చును. కోస్తావారు లంక యనుదానిని మన సీమవారము గడ్డ యందుము. ఎగువనున్న గుఱ్ఱంగడ్డ యట్టిదే. దానిమీద ఒక ఊరే యున్నది.

ఆ గడ్డలను చూచినప్పుడెల్ల నేను చిన్నతనమున చేసిన యొక తప్పు నాకు జ్ఞప్తికి వచ్చును. నశించిపోవుచున్న పక్షులను చేతితో పెంచి, శత్రువులు చేరరాని దీవికి తరలించి, వాని జాతిని నిలువబెట్టు ప్రయత్నములు లోకమున జరిగినవి, జరుగుచున్నవి. వానిని గూర్చి నాలుగు మాటలు మీకు మనవి చేయదలచితిని. నా తప్పునుండి మొదలుపెట్టినచో విషయము సులభముగా బోధపడునని నా నమ్మకము.

అది 1986వ సంవత్సరము. నేను ఆ ప్రాంతమున నొక పాఠశాలలో తెలుగు పండితుడుగా క్రొత్తగా చేరియుంటిని. ఆ యేడు జనవరిలో కడపజిల్లా రెడ్డిపల్లి దాపున కలివికోడి మరల కనబడెను. 1900వ సంవత్సరము తరువాత పండితుల కంటబడక, అంతరించెనని యందఱును చేతులు కడిగికొన్న పక్షి యది. ఆ వార్త చదివి నాకు పక్షులమీద అపారమైన అభిమానము పుట్టెను. అభిమానమునకు తగిన యెఱుక మాత్రము లేకుండెను.

మృగశిర కార్తెలో దున్నుచుండగా నొక రైతునకు చేని గట్టున కౌజుపిట్ట గ్రుడ్లు ఆరు దొరకెను. నాగలికి పోవునని ఆయన వానిని తలగుడ్డలో మూటగట్టి బడికి తెచ్చి నాకిచ్చెను. నేను వానిని పొదుగుచున్న నాటుకోడి క్రింద పెట్టించితిని. ఐదు పిల్లలయ్యెను. పిల్లలతోపాటు నేనును చెదలపుట్టలు వెదకి, మూకుళ్ళలో చెదలు పట్టితెచ్చి వానికి మేపితిని. అందొకటి చచ్చినది, నాలుగు పెరిగి పెద్దవైనవి. తక్కిన కోళ్ళతో గలిసి దొడ్డిలో తిరుగుచు, మనిషి యడుగు చప్పుడైనచో పారిపోవుటకు మారుగా ఎదురుగా పరుగెత్తి వచ్చెడివి. అది వాని మచ్చికయని నేను మురిసితిని. అదియే వానికి మృత్యువగునని నాకు తట్టలేదు.

ఊరిలో పిల్లులును కుక్కలును ఉన్నవి గదా, ఎచ్చట విడుతునని యాలోచించి, ఏటి నడుమ గడ్డమీద విడిచినచో చుట్టును నీరుండును, శత్రువుండడని నిశ్చయించితిని. సంక్రాంతి వెళ్ళిన వారమున, బీచుపల్లి దగ్గర ఒక బెస్త పెద్దను పిలిచి, పుట్టిలో నాలుగు పక్షులను గడ్డమీదికి చేర్చితిని. గంపమూత తీయగానే అవి గడ్డిలోనికి పోయినవి. నాకు కన్నులు చెమర్చినవి. ఒక మహాకార్యము చేసినట్లు తోచెను.

చైత్రమాసమున హనుమజ్జయంతికి స్వామిదర్శనమునకు వచ్చి, పిట్టలను చూడవలెనని రేవునకు దిగితిని. పుట్టి యవసరమే లేకపోయెను. ఏఱు రాళ్ళ సందుల పాయలై పోయినది. నేను మోకాలి తడి లేకుండ గడ్డకు నడిచిపోయితిని. నాకంటె ముందుగా కుక్కలు నడిచిపోయిన జాడలు ఇసుకలో స్పష్టముగా నున్నవి. ఒక పొదక్రింద ఈకలు దొరకినవి. అంతకుమించి యేమియు దొరకలేదు. ఆ బెస్త పెద్ద నా ముఖము చూచి యిట్లనెను: "అయ్యవారూ, మీరు పిట్టలను ఇడిసిన నాడు ఇది గడ్డ. ఏరు ఎండినంక ఇది గూడ చేనే. కుక్కకు తొవ్వ ఎవ్వలు సూపాలె?"

ఆ మాట నన్ను నలువది యేండ్లుగా విడువలేదు. పెంచుట నాకు చేతనైనది. తరలించుట చేతనైనది. కాని చోటు చూచుట చేతకాలేదు. నీటి నడుమనున్న దంతయు దీవి కాదు. శత్రువు చేరలేని చోటే పిట్టకు దీవి. నేడు నేను చెప్పదలచిన దంతయు ఈ యొక్క మాటలో నున్నది.

మన పెద్దలకు ఈ సంగతి తెలియకపోలేదు. ఆదిపర్వమున ఖాండవదహన సమయమున మందపాలుని కథ వచ్చును. జరిత యను తల్లిపక్షికి ఱెక్కలు రాని పిల్లలు నలుగురు. అడవి యంటుకొని మంటలు దగ్గఱకు వచ్చుచున్నవి. నలుగురిని మోసికొని యెగురుటకు తల్లికి శక్తి లేదు. చెట్టు మొదట నొక యెలుకకలుగు కనబడెను. అందులో దూరుడు, పైన దుమ్ము కప్పెదనని తల్లి చెప్పినది. పిల్లలు ఒప్పుకొనలేదు. ఎలుకవాత పడుటకంటె అగ్నిలో పడుట మేలనినవి. ఆ యెలుకను డేగ తన్నుకొని పోవుట నేను చూచితినని తల్లి నచ్చజెప్పినను, లోపల వేఱొకటి లేదని యెవరు చూచిరని ప్రశ్నించినవి. కడపట అగ్నిదేవుడే వానిని కరుణించి విడిచెను. పక్షిపిల్లకు కానవచ్చు మంటకంటె కలుగులోని కానరాని యెలుకయే భయంకరమని చెప్పిన ఆ కథలోని వివేకము, దీవులలో పక్షులను కాపాడువారికి నేడు మొదటి పాఠమైయున్నది. అది యెట్లో చెప్పెదను.

పసిఫిక్ మహాసముద్రపు దక్షిణభాగమున న్యూజీలాండు అను దేశము కలదు. మనుష్యులు కాలు పెట్టకమునుపు అచ్చట గబ్బిలములు తప్ప నేలమీది పాలిచ్చు జంతువు లేవియు లేకుండెను. పిల్లి లేదు, కుక్క లేదు, ఎలుక లేదు. కనుక అచ్చటి పక్షులలో ననేకములు ఎగురుటయే మఱచిపోయినవి. కాకపో అను చిలుక యొకటి కలదు; కోడిపుంజంత బరువై, రాత్రులందు నేలమీద నడుచుచు, ఆపద వచ్చినప్పుడు కదలక నిలిచిపోవును. ఆకాశమునుండి దిగు డేగకు కనబడకుండుటకు ఆ విద్య చాలును. వాసన పట్టి వచ్చు జంతువునకు అది వడ్డించిన విస్తరి. మనుష్యులతో ఎలుకలు వచ్చినవి, కుక్కలు వచ్చినవి, పిల్లులు వచ్చినవి. తెల్లవారు వేటకును కూరకును కుందేళ్ళను తెచ్చి విడిచిరి. కుందేళ్ళు పెచ్చు పెరిగి గొఱ్ఱెల మేత తినివేయగా, వానిని చంపుటకు స్టోట్ అను ముంగిసవంటి చిన్న జంతువును తెచ్చి విడిచిరి. అది కుందేళ్ళ వెంట పరుగెత్తుటకంటె ఎగురలేని పక్షులను పట్టుట సులభమని కనిపెట్టెను. ఒక తప్పును దిద్దుటకు చేసిన రెండవ తప్పు మొదటిదానికంటె పెద్దదయ్యెను.

అప్పుడు అచ్చటి ప్రభుత్వము రెజల్యూషన్ అను దీవిని పక్షులకై విడిచిపెట్టి, 1894లో రిచర్డు హెన్రీ యనువానిని దానికి కాపరిగా నియమించెను. ఆయన ఆ తడి యడవులలో, చిన్న పడవ వేసికొని, పక్షి దొరకినప్పుడు కఱవకుండ మూతికి చిక్కము కట్టిన కుక్కను వెంటబెట్టుకొని, ఒడ్డుమీది కాకపోలను, కివి పక్షులను ఒక్కొక్కటిగా పట్టి దీవికి చేర్చెను. ఆరేండ్లలో వందలకొలది పక్షులను తరలించెను. 1900వ సంవత్సరమున ఆ దీవిమీద స్టోట్ కనబడెను. దీవి యొడ్డునకు చాల దగ్గఱ; స్టోట్ ఈదగలదు. ఆరేండ్ల తపస్సు వ్యర్థమయ్యెను. ఈ కథ నేను మొదట చదివిననాడు పుస్తకము మూసి చాలసేపు కూర్చుంటిని. నాలుగు కౌజులకు నేనంత దుఃఖించితినే, ఆ మహానుభావుడెంత దుఃఖించెనో!

కాని ఆ దేశమువారు ఆ యోటమిని పాఠముగా తీసికొనిరి. తరువాతి తరములవారు క్రమము మార్చిరి. మొదట దీవిని శోధింతురు. ఎలుక యొక్కటియైన మిగులకుండ నిర్మూలింతురు. మరల రాకుండ, వచ్చు ప్రతి పడవను, ప్రతి మూటను విప్పి చూతురు. ఆ తరువాతనే పక్షిని తెత్తురు. కాడ్‌ఫిష్ అను దీవిలో 1998లో ఎలుకలను తుదముట్టించి దానిని కాకపోలకు భద్రమైన స్థానముగా చేసిరి. 1995లో ఆ జాతి మొత్తము 51 పక్షులు మాత్రమే. 2022 నాటికి అవి 250 దాటినవి. ఒక్కొక్క పక్షికి ఒక్కొక్క పేరు పెట్టి, ఒంటికి జాడ తెలుపు చిన్న యంత్రము కట్టి, బలహీనమైన పిల్లలను తెచ్చి చేతితో పెంచి, మరల దీవికే పంపుచున్నారు. జరిత పిల్లలు అడిగిన ప్రశ్నకు, లోపల వేఱొకటి లేదని యెవరు చూచిరన్న దానికి, వీరు చూచి బదులు చెప్పినవారు.

ఇంకొక కథ దీనికంటె చిత్రమైనది. ఆ దేశమునకే చెందిన చాథమ్ దీవులలో పిచ్చుకంతటి నల్లపిట్ట యొకటి కలదు. 1976లో అవి యేడు మాత్రమే మిగిలినవి. అవి యుండిన చిన్న దీవిలో చెట్లు చచ్చిపోవుచుండెను. కనుక వానిని ప్రక్కనున్న మాంగెరె దీవికి తరలించిరి. అయితే ఆ దీవిలో అంతకుమునుపే లక్షకు పైగా మొక్కలు నాటి, అడవి లేపుటకు మొదలుపెట్టియుండిరి. చోటు ముందు, పిట్ట తరువాత. అయినను 1980 నాటికి ఐదు మిగిలినవి. అందు పిల్లలను కనగల ఆడుది యొక్కటియే. కాలికి కట్టిన నీలిరంగు పట్టీని బట్టి దానిని ముసలినీలి యను అర్థమున ఓల్డ్ బ్లూ యని పిలిచిరి. ఆ జాతి పక్షులు సామాన్యముగా బ్రదుకు కాలమును ఈ ముసలిది అప్పటికే దాటియుండెను.

డాన్ మెర్టన్ అను ఉద్యోగియు ఆయన తోడివారును ఒక యుపాయము చేసిరి. సంస్కృతమున కోకిలకు పరభృతమని పేరు గదా. పరులచే పోషింపబడినదని యర్థము. కాకి గూటిలో కోకిల పిల్ల పెరుగునట్లు, ఈ నల్లపిట్ట గ్రుడ్లను తీసి వేఱుజాతి చిన్నపిట్ట గూటిలో పెట్టిరి. గ్రుడ్లు పోయిన తల్లి మరల గూడు కట్టి మరల గ్రుడ్లు పెట్టును. ఆ విధముగా ఏటికొక కాన్పు పెట్టునది రెండు పెట్టెను. మొదట నెంచిన పెంపుడుతల్లి పిల్లలకు చాలినంత మేత పెట్టలేకపోయెను. అప్పుడు వేఱొక దీవిలోని, వేఱొక జాతి పిట్టను వెదకిరి, అది పెంచగలిగెను. నేడు ఆ నల్లపిట్టలు సుమారు 250 కలవు. అవన్నియు ఆ ముసలినీలి సంతతియే.

ఈ కథలో దాచగూడని మాట యొకటి కలదు. కొన్ని పిట్టలు గూటి నడుమ కాక అంచున గ్రుడ్డు పెట్టెడివి. అంచున పెట్టినది పొదగబడదు. కాపరులు దయతో ఆ గ్రుడ్లను లోపలికి నెట్టుచు వచ్చిరి. దానివలన అంచున పెట్టు గుణమున్న పిట్టలకును పిల్లలు కలిగి, ఆ గుణము జాతిలో వ్యాపించెను. సంగతి తెలిసికొని నెట్టుట మానిన తరువాతనే అది తగ్గెను. సహాయము సహితము ఎచ్చట ఆపవలెనో తెలిసి చేయవలెను. నా కౌజులు మనిషిని చూచి పారిపోక ఎదురుగా వచ్చెడివని చెప్పితిని. పెంపకములో నేను వానికి చేసిన అపకార మదియే.

పెద్దలారా, సముద్రముల కవతలి మాటలు మనకేల యందురేమో. మన యేటికి దక్షిణముగా, తుంగభద్ర దాటి, కర్నూలు మీదుగా నందికొట్కూరు వైపు పోయినచో రోళ్ళపాడు వచ్చును. నేడది నంద్యాలజిల్లాలో మిడుతూరు మండలమున నున్నది. ఆ మండలము పేరులోనే మిడుత వినబడును. మిడుతలను మెక్కు పక్షి యొకటి అచ్చట నుండెను. అదియే బట్టమేక పిట్ట. నిలిచినచో మీటరెత్తు, మగది పదునైదు కిలోలదాక తూగును. ఎగురు పక్షులలో అంత బరువైనవి లోకమున చాల తక్కువ. అది చెట్టెక్కదు. గూడు కట్టదు. చెట్టులేని గడ్డిబయలున, నేలమీద, ఏటికి సాధారణముగా ఒక్క గ్రుడ్డు పెట్టి, సుమారు నెలదినములు పొదుగును. ఆ యొక్క గ్రుడ్డు కుక్క నోటనో, గొఱ్ఱెల మంద కాలిక్రిందనో పడినచో ఆ యేటికి ఆ తల్లికి సంతానము లేదన్నమాట.

1988లో ప్రభుత్వము రోళ్ళపాడు బయలును, సుమారు 1,500 ఎకరములను, దానికై అభయారణ్యముగా ప్రకటించెను. 1992లో వానలు వెనుకబట్టిన దినములలో నేను మా పిల్లలను వెంటబెట్టుకొని అచ్చటికి పోయితిని. ఒక మగపక్షిని చూచితిమి. మెడక్రింద తెల్లని తిత్తిని నిండుగ ఊది, నేలకు వ్రేలాడునట్లు దింపి, తోక విప్పి పైకెత్తి, గడ్డిలో నెమ్మదిగా నడుచుచు, దూరమునకు వినబడు గంభీరధ్వని చేయుచుండెను. మా పిల్లలలో నొకడు, పెండ్లికి తలపాగ చుట్టుకొని వచ్చిన పెద్దరెడ్డివలె నున్నదని నవ్వెను. నేను వానిని మందలింపలేకపోయితిని, అట్లే యుండెను.

2019లో మరల పోయితిని. కృష్ణజింకల మందలు కనబడినవి. బట్టమేక కనబడలేదు. ఇటీవలి సంవత్సరములలో అచ్చట దాని దర్శనము మిక్కిలి దుర్లభమైనది. కారణమేమి? కంచెలోపలి నేల అట్లే యున్నది. కంచెవెలుపలి లోకము మారినది. ఈ పక్షి 1,500 ఎకరములలో ఒదిగి యుండునది కాదు. ఋతువునుబట్టి దూరదూరము తిరుగును. పూర్వము కంచెకవతల కొఱ్ఱ, జొన్న, వేరుసెనగ చేలును, బీడు భూములును ఉండినవి. అవియును దానికి మేతయే. తరువాత కాలువల నీరు వచ్చెను, పైరులు మారెను, మందులు వచ్చెను, బీళ్ళు సాగయ్యెను, కరెంటు తీగలు లేచెను. ఈ పక్షికి కన్నులు ప్రక్కలకుండుటచేత ఎదుటి సన్నని తీగ కనబడదు. బరువైన శరీరమగుటచేత కనబడిన క్షణమున తప్పుకొనజాలదు. రోళ్ళపాడు దీవియే; కాని చుట్టునున్న యేఱు ఎండిపోయినది.

నేడు మన దేశమంతటను స్వేచ్ఛగా తిరుగు బట్టమేకలు 150కి లోపు అని లెక్క; అందు పెక్కు రాజస్థానమున జైసల్మేరు ఎడారిలో నున్నవి. అచ్చట కేంద్రప్రభుత్వమును, రాష్ట్రప్రభుత్వమును, డెహ్రాడూనులోని భారత వన్యప్రాణి సంస్థయు కలిసి 2019లో పక్షులను పెంచుటకు పూనుకొనిరి. బయలులో దొరకిన గ్రుడ్లను తెచ్చి, యంత్రములో పొదిగించి, పిల్లలను చేతితో పెంచిరి. 2023లో అట్లు పెరిగిన పక్షులే జతకట్టి పిల్లను కనెను. 2024 అక్టోబరులో కృత్రిమ గర్భధారణచే నొక పిల్ల పుట్టెను. తీగల విషయమున సర్వోన్నత న్యాయస్థానము 2021లో వానిని భూమిలో పాతవలెనని యాజ్ఞాపించి, 2024లో ఆ యాజ్ఞను సడలించి నిపుణుల సంఘమును నియమించెను. సూర్యరశ్మినుండి విద్యుత్తు తీయుటయు దేశమునకు కావలసినదే. కర్నూలు సీమలో గని, శకునాల గ్రామముల బయళ్ళలో అట్టి మహాక్షేత్రము వెలసినది. రెండును మంచిపనులే, రెండును అదే బయలు నడుగుచున్నవి. అదియే చిక్కు.

కాబట్టి పెంచుట నేర్చిరి. పెరిగిన పక్షులను విడుచుటకు చోటేది? కాకపోను సముద్రము నడుమ దీవిలో పెట్టవచ్చును. నల్లపిట్టకు చెట్లు నాటి అడవి లేపవచ్చును. బట్టమేకకు కావలసినది చెట్టులేని విశాలమైన గడ్డిబయలు. దానికి దీవి యనగా ఊరి బీడే. ఆ దీవి చుట్టు కావలియుండవలసినది నీరు కాదు, ఊరివారు.

ఇచ్చట రైతు మాట వినకపోవుట అన్యాయము. రోళ్ళపాడు చుట్టుపట్ల రైతులు, పిట్టకని కాపు పెట్టిన చోట జింకలు పెరిగి మా చేలు మేయుచున్నవని మొఱపెట్టిరి. అది నిజమైన మొఱ. వేసిన సెనగను రాత్రికి రాత్రి మంద వచ్చి మేసిపోయినచో, తెల్లవారి ఆ రైతునకు పక్షిశాస్త్రము చెప్పుట కూడని పని. నష్టపరిహారము వెంటనే, లంచము లేక, పూర్తిగా అందినప్పుడే అతడు కాపరి యగును. లేనియెడల కంచె రెండు శత్రుపక్షముల నడిమి గోడయై నిలుచును. చుట్టును ఉన్నవారిని పగవారిని చేసికొన్న దీవి నిలువదు.

ఊరివారు కాపరులైన చోట ఏమగునో చూడదలచినవారు గుంటూరు దాపున ఉప్పలపాడు పోవచ్చును. ఊరి చెఱువులో మట్టిదిబ్బలమీద సర్కారుతుమ్మ చెట్లున్నవి. ఆ చెట్లనిండ గూడబాతులును, ఎఱ్ఱకాళ్ళ కొంగలును వేలకొలదిగ గూళ్ళు పెట్టును. చెఱువు పెద్దది కాదు, ఒడ్డుననే ఇండ్లున్నవి. ఒక కుఱ్ఱవాడు వడిసెల త్రిప్పినచో గూళ్ళకు తగులును. త్రిప్పనీయరు. ఆ దిబ్బలను దీవి చేసినది నీటి లోతు కాదు, ఊరి కట్టుబాటు.

ఇక మనము చేయదగినవి కొన్ని మనవి చేసి ముగించెదను. ఇవి పెద్ద ఖర్చు లేనివి. అయితే పెద్దల మాట లేనిది జరుగనివి.

మొదటిది, ఊరి బంచరాయి. పశువుల మేతకని పూర్వులు విడిచిన ఆ నేలను పనికిరాని బీడని తలంపకుడు. కౌజునకు, పూరేడునకు, బట్టమేకకు, కృష్ణజింకకు అదియే యిల్లు. దానిని ఆక్రమించుకొనువాడు ఎవరైనను పంచాయతిలో అడ్డుపడుడు. మంచి బుద్ధితోనైనను దానినిండ చెట్లు నాటకుడు. చెట్టు పుణ్యమే, కాని ఇంటిముందును, బాటవెంటను, చెఱువుకట్టను నాటుడు. గడ్డిబయలును గడ్డిబయలుగనే యుండనిండు.

రెండవది, కుక్కలు. చచ్చిన గొడ్లను, కోళ్ళ వ్యర్థములను బీడులో పారవేయుటచేత ఊరకుక్కలు మందలై అచ్చటనే మరగును. గోతిలో పూడ్చినచో సగము బాధ తీరును. నా కౌజులను తినినవి పులులు కావు, మన యూరి కుక్కలే.

మూడవది, దున్నునప్పుడు గ్రుడ్లు కనబడినచో ట్రాక్టరును నాలుగు బారలు తప్పించి పోనిండు. ఆ చిన్న చెక్క దున్నకున్నచో నష్టము గంపెడు గింజలు. నావలె ఇంటికి తేకుడు. 1972 నాటి వన్యప్రాణి రక్షణచట్టము ప్రకారము అది నేరము కూడ. పెంచుట నేర్చినవారి పని. తల్లిని కదలింపకుండుట మన పని. అపూర్వమైన పక్షి యేదైనను కనబడినచో అటవీశాఖవారికి కబురంపుడు.

నాలుగవది, మన బీళ్ళమీదుగా తీగలు లాగుటకు వచ్చినవారిని, మఱియొక దారి లేదా యని యడుగుడు. అడిగినంతమాత్రమున అభివృద్ధి ఆగిపోదు. అడుగువాడు లేనప్పుడే దగ్గఱి దారి మంచిదారి యనిపించును.

రాజస్థానమున పెరుగుచున్న ఆ పిల్లలలో ఏదైనను, ఏనాటికైనను, మన దక్కను బయళ్ళకు వచ్చునా? రావలెనని నా యాశ. వచ్చిననాడు దానిని తెచ్చినవారు మొదట చూచునది మన ప్రేమను కాదు, మన నేలను. గడ్డి యున్నదా, కుక్క లున్నవా, తీగ లున్నవా, ఊరివారు ఒప్పుకొన్నారా యని చూతురు. ఆనాటికి బంచరాయి మిగిలియుండవలెను. ఒకమాఱు దున్ని, పట్టాలు పంచి, కంచెలు వేసిన తరువాత దానిని మరల గడ్డిబయలు చేయుట మానవుల వశము కాదు.

మొన్న మరల బీచుపల్లి రేవున నిలిచితిని. నన్ను పుట్టిలో దాటించిన బెస్త పెద్ద లేడు. ఆయన మనుమడు వలలు బాగుచేసికొనుచుండెను. గడ్డ అట్లే యున్నది. పొదలో నుండి కౌజుకూత వినబడినది. అది నా పిట్టల సంతతి కాదని నాకు తెలియును. ఐనను చెవి యొగ్గి నిలిచితిని. ఎండకాలమున ఇప్పుడును కుక్కలు గడ్డకు దాటునా యని ఆ కుఱ్ఱవానిని అడిగితిని. నీళ్ళు తగ్గిన దినములలో తాము రాత్రులు అటే వలలు కాచుకొని పడుకొందుమనియు, కుక్క వచ్చినచో అదలింతుమనియు చెప్పెను. వలలకోసమే కావచ్చును. ఐనను, కావలి కావలియే.